యూరప్ మేధో సంపత్తి చట్టం చదవాలంటే: ముందు ప్రశ్న చూడండి

యూరప్‌లో మేధో సంపత్తి చట్టం (పేటెంట్లు, ట్రేడ్‌మార్కులు, డిజైన్లు, కాపీరైట్) చదవడానికి వెళ్తున్నామని నాకు ఫోన్ చేసే పిల్లలు మొదట అడిగేది ఫీజు ఎంత అని. తర్వాత అడిగేది ఉద్యోగం వస్తుందా అని. అక్కడికి వెళ్లాక ఎలా చదవాలి అని అడిగినవాళ్లు ఇప్పటివరకు ఇద్దరే. నేను ఇబ్బంది పడింది మాత్రం సరిగ్గా అక్కడే. 2018 అక్టోబర్‌లో జర్మనీలోని మ్యూనిక్‌లో ఎల్‌ఎల్‌ఎంలో, అంటే లా పీజీలో, చేరాను. అప్పటికి విశాఖపట్నంలో ఐదేళ్ల లా కోర్సు, హైదరాబాద్‌లో మూడేళ్లు ట్రేడ్‌మార్కుల పని అయ్యాయి. సెక్షన్లు నోటికి వచ్చు. అయినా మొదటి పరీక్షలో అత్తెసరు మార్కులతో గట్టెక్కాను. ఎందుకలా జరిగిందో తెలియడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ మీకు మిగలాలని ఇది రాస్తున్నాను.

వెళ్లే ముందు

ఒక సంగతి మొదటే చెప్పేస్తాను, ఎందుకంటే దీని గురించి తెలియకుండా అప్పు చేసి వెళ్లినవాళ్లు నాకు తెలుసు. లా డిగ్రీ మాత్రమే ఉన్నవాళ్లు ఎల్‌ఎల్‌ఎం చేసినంత మాత్రాన యూరోపియన్ పేటెంట్ ఆఫీసు ముందు కేసులు నడిపే పేటెంట్ అటార్నీ కాలేరు. దానికి ఈక్యూఈ అనే పరీక్ష పాసవ్వాలి. ఆ పరీక్షకు కూర్చోవాలంటే సైన్సులోనో ఇంజనీరింగ్‌లోనో డిగ్రీ, దాని మీద ఒక అటార్నీ దగ్గర కొన్నేళ్ల శిక్షణ కావాలి. పాసైనా జాబితాలో పేరు ఎక్కాలంటే మామూలుగా యూరోపియన్ పేటెంట్ కన్వెన్షన్‌లో ఉన్న ఏదో ఒక దేశపు పౌరసత్వం అడుగుతారు. బీఫార్మసీ, బీటెక్ చేసి తర్వాత లా చదివినవాళ్లు ఈ లెక్కలన్నీ ముందే చూసుకోవాలి. నాలాంటి వాళ్లకు ట్రేడ్‌మార్కులు, కాపీరైట్, డిజైన్లు, లైసెన్సు ఒప్పందాలు, యూరప్ అటార్నీలతో కలిసి మన కంపెనీల కేసులు నడపడం, ఈ పనులు ఉంటాయి. ఇప్పుడు నేను హైదరాబాద్‌లో చేస్తున్నది ఆ చివరి పనే.

ఏ ఊరు అన్నది మీకు ఏది ఇష్టమో దాన్నిబట్టి తేల్చుకోండి. పేటెంట్ల మీద మనసుంటే మ్యూనిక్. యూరోపియన్ పేటెంట్ ఆఫీసు అక్కడే ఉంది, జర్మన్ పేటెంట్ ఆఫీసు అక్కడే, జర్మనీ ఫెడరల్ పేటెంట్ కోర్టూ అక్కడే. మాక్స్ ప్లాంక్ ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలో ఈ ఒక్క విషయం మీద ఉన్న పుస్తకాలు చూస్తే కళ్లు తిరుగుతాయి. ట్రేడ్‌మార్కులు, డిజైన్లు అయితే స్పెయిన్‌లోని అలికాంతే. యూరోపియన్ యూనియన్ ట్రేడ్‌మార్క్ ఆఫీసు ఆ సముద్రపు ఊళ్లోనే ఉంది, అక్కడి యూనివర్సిటీలో ఈ కోర్సు కూడా ఉంది. స్ట్రాస్‌బోర్గ్‌లో 1963 నుంచి నడుస్తున్న మేధో సంపత్తి అధ్యయన సంస్థ సీఈఐపీఐ ఉంది. స్టాక్‌హోమ్ యూనివర్సిటీలో యూరోపియన్ మేధో సంపత్తి చట్టం పేరుతోనే ఏడాది ఎల్‌ఎల్‌ఎం ఉంది. లండన్‌లోనూ మంచి కోర్సులున్నాయి. కానీ బ్రిటన్ యూనియన్ నుంచి బయటికి వచ్చేసింది కాబట్టి అక్కడ యూరోపియన్ యూనియన్ చట్టానికి ఎన్ని పేపర్లు ఇస్తున్నారో సిలబస్ తెరిచి చూడండి.

డబ్బు, వీసా గురించి ఎక్కువ రాయను. అంకెలు ఏటా మారతాయి, యూనివర్సిటీ సైటులో ఆ రోజున ఉన్నదే ప్రమాణం. జర్మనీకైతే ఏపీఎస్ సర్టిఫికెట్ (మన డిగ్రీలు నిజమైనవేనని చెప్పే పత్రం), బ్లాక్డ్ అకౌంట్ (అక్కడ బతకడానికి డబ్బు ముందే వేసి చూపించే ఖాతా) ఈ రెండూ ముందే మొదలుపెట్టండి. స్వీడన్‌కు దరఖాస్తు గడువు జనవరి మధ్యలోనే ముగుస్తుంది. సంక్రాంతికి ఇంటికొచ్చి చూద్దాంలే అనుకుంటే ఆ ఏడాది పోయినట్టే.

గోడ మీద ఒక చార్టు

చేరిన మొదటి వారంలో నన్ను బాగా తికమకపెట్టింది ఒకటే. యూరప్ చట్టం అంటే ఒక్కటి కాదు. ఎవరు చేసిన చట్టం, ఏ కోర్టు చెప్పే మాట, ఎన్ని దేశాలకు వర్తిస్తుంది, ఈ మూడూ ఒక్కో హక్కుకు ఒక్కో రకంగా ఉంటాయి. క్లాసులో అందరూ తలలూపుతుంటే నేనూ ఊపాను. రాత్రి గదికి వెళ్లి చూసుకుంటే నోట్సులో ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేదు. మర్నాడు స్టేషనరీ కొట్టులో పెద్ద చార్టు కొని గోడకు అంటించి నిలువుగా గడులు గీశాను. మీరూ అదే చేయండి. లాప్‌టాప్‌లో వద్దు, పొద్దున్న లేవగానే కంటికి కనబడేచోట ఉండాలి.

మొదటి గడి పేటెంట్లది. యూరోపియన్ పేటెంట్ కన్వెన్షన్ మీద 1973 అక్టోబర్ 5న మ్యూనిక్‌లో సంతకాలయ్యాయి. దాని కింద పుట్టిన పేటెంట్ ఆఫీసు యూరోపియన్ యూనియన్‌ది కాదు. ఈ వాక్యం కింద ఎర్ర గీత గీయండి. యూనియన్‌లో ఉన్నవి 27 దేశాలు, ఈ కన్వెన్షన్‌లో 39. టర్కీ, స్విట్జర్లాండ్, నార్వే ఇందులో ఉన్నాయి. యూనియన్ నుంచి వెళ్లిపోయిన బ్రిటన్ కూడా ఇందులోంచి పోలేదు. దరఖాస్తు ఒక్కటే, పరిశీలన ఒక్కసారే, కానీ మంజూరయ్యాక అది ఏ దేశానికి ఆ దేశపు పేటెంటుగా విడిపోతుంది. అలా విడిపోకుండా కలిసే ఉండే యూనిటరీ పేటెంటూ, దాని కోసం యూనిఫైడ్ పేటెంట్ కోర్టూ 2023 జూన్ 1న మొదలయ్యాయి. ఆ కోర్టు పరిధిలో ఇప్పుడున్నవి 18 దేశాలు. స్పెయిన్, పోలాండ్ అందులో లేవు. అంటే ఒక్క పేటెంటు గురించి మాట్లాడేటప్పుడే 39, 27, 18 అనే మూడు అంకెలు తిరుగుతుంటాయి. ఏ అంకె గురించి మాట్లాడుతున్నారో తెలియకపోతే సెమినార్‌లో సగం మాటలు తలకెక్కవు.

రెండో గడి ట్రేడ్‌మార్కులూ డిజైన్లూ. ఇవి యూనియన్ సొంతం. రెగ్యులేషన్ అంటే 27 దేశాల్లో నేరుగా అమలయ్యే చట్టం. డైరెక్టివ్ అంటే ప్రతి దేశం తన చట్టంలోకి తెచ్చుకోవాల్సిన ఆదేశం. ట్రేడ్‌మార్కులకు రెండూ ఉన్నాయి: యూనియన్ మార్కుకు 2017/1001 నంబరు రెగ్యులేషన్, దేశాల సొంత మార్కులన్నీ ఒకే పద్ధతిలో ఉండడానికి 2015/2436 డైరెక్టివ్. అలికాంతేలో ఒక్కసారి రిజిస్టర్ చేస్తే 27 దేశాల్లో హక్కు వస్తుంది. జర్మనీలో మాత్రమే కావాలంటే జర్మన్ ఆఫీసులో చేసుకోవచ్చు.

మూడో గడి కాపీరైట్. యూరప్ కాపీరైట్ అని ఒకటి లేదు. ఉన్నవి 27 దేశాల కాపీరైట్ చట్టాలు, వాటి మీద 2001/29, 2019/790 లాంటి డైరెక్టివ్‌లు. ఆ రెండోది నేను చదువుతుండగానే పుట్టింది. 2019 మార్చిలో ఒక శనివారం మ్యూనిక్ వీధుల్లో వేలమంది కుర్రాళ్లు అట్టముక్కల మీద "ఆర్టికల్ 13 వద్దు" అని రాసుకుని నడవడం చూశాను. యూట్యూబ్ లాంటి సైట్లలో జనం పెట్టేవాటికి ఆ సైట్లే బాధ్యత వహించాలనే క్లాజు అది. కాపీరైట్ క్లాజు కోసం జనం రోడ్డెక్కడం నేను ఎప్పుడూ చూడలేదు, ఊహించను కూడా లేదు. ఏప్రిల్‌లో డైరెక్టివ్ ఖాయమైంది, ఖరారైన డైరెక్టివ్‌లో ఆ ఆర్టికల్ నంబరు 17 అయింది. పాత వ్యాసాల్లో 13 అని కనిపిస్తే గాభరా పడకండి.

తీర్పు చదవడం

అసలు చదువు ఇక్కడుంది, కాస్త నింపాదిగా చెప్తాను.

మన సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న క్యాన్సర్ మందు పేటెంట్ గురించిన నోవార్టిస్ కేసులో ఇచ్చిన తీర్పు చదివే ఉంటారు. మన పేటెంట్ చట్టం ఎలా పుట్టింది, అయ్యంగార్ కమిటీ ఏం చెప్పింది, పార్లమెంటులో ఏం చర్చ జరిగింది, అన్నీ అందులో ఉంటాయి. లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ కోర్టు తీర్పు అలా ఉండదు. పేరాలకు నంబర్లుంటాయి, వాక్యాలు పొడిగా ఉంటాయి, కోర్టంతా ఒకే గొంతుతో మాట్లాడుతుంది. ఫలానా జడ్జి విభేదించారు అనే మాటే ఉండదు. పైగా మేధో సంపత్తిలో మీరు చదివే ముఖ్యమైన తీర్పుల్లో చాలావాటిలో ఆ కోర్టు కేసును తేల్చదు కూడా. ఒక దేశపు కోర్టు తన ముందున్న కేసును ఆపి, "ఈ డైరెక్టివ్‌లో ఈ మాటకు అర్థమేమిటి" అని అడుగుతుంది. లక్సెంబర్గ్ అర్థం చెప్పి వెనక్కి పంపుతుంది. గెలుపోటములు మళ్లీ ఆ దేశంలోనే తేలతాయి.

నేను ఇది పట్టించుకోకుండా, మన అలవాటు ప్రకారం, తీర్పు చివరి పేజీ తెరిచి ఫలితం నోట్సులో ఎక్కించుకునేదాన్ని. ప్రశ్న తెలియని జవాబు అది. ఎంత బట్టీపట్టినా పరీక్షలో దేనికీ అక్కరకు రాలేదు.

ఇన్ఫోపాక్ కేసుతో చూపిస్తాను. నంబరు సీ-5/08, తీర్పు తేదీ 2009 జూలై 16. ఆ నంబరును చదవడం కూడా నేర్చుకోండి: సీ అంటే కోర్ట్ ఆఫ్ జస్టిస్, టీ అంటే దాని కింది జనరల్ కోర్టు, 08 అంటే కేసు ఆ కోర్టుకు చేరిన ఏడాది, చివర పీ ఉంటే అప్పీలు.

డెన్మార్క్‌లో ఇన్ఫోపాక్ అనే సంస్థ ఖాతాదారుల కోసం పత్రికలు వెతికిపెడుతుంది. పత్రిక పేజీలను స్కాన్ చేస్తారు. ఆ బొమ్మను కంప్యూటర్ చదవగలిగే అక్షరాలుగా మారుస్తారు. ఖాతాదారు ఇచ్చిన మాట ఎక్కడెక్కడ ఉందో వెతుకుతారు. దొరికినచోట ఆ మాటకు ముందు అయిదు మాటలు, వెనక అయిదు మాటలు కలిపి దాచుకుని, కాగితం మీద ప్రింట్ తీస్తారు. మొత్తం 11 మాటలు. పత్రికల సంఘం మా అనుమతి కావాలంది, ఇన్ఫోపాక్ అక్కర్లేదంది. డెన్మార్క్ సుప్రీంకోర్టు లక్సెంబర్గ్‌కు 13 ప్రశ్నలు పంపింది.

ఇక్కడ ఆగండి. జవాబు చదవకండి. నోటుబుక్కు తీసి మొదటి ప్రశ్నను తెలుగులో ఒక్క వాక్యంగా రాయండి. నేను రాసుకున్నది ఇది: "వ్యాసంలోంచి 11 మాటలు తీసి దాచి ప్రింట్ తీస్తే, అది వ్యాసంలో కొంత భాగాన్ని కాపీ చేసినట్టా?" ఈ వాక్యం రాయడానికి నాకు ఆ సాయంత్రం మూడుసార్లు కొట్టివేతలు పడ్డాయి. మొదటిసారి "11 మాటలకు కాపీరైట్ ఉందా" అని రాశాను. అది తప్పు. కోర్టును అడిగింది 11 మాటలు రచన అవునా కాదా అని కాదు, కాపీ అనే మాట ఎంత చిన్నదాని దాకా వర్తిస్తుంది అని. తెలుగులో సాఫీగా ఒక్క వాక్యం రానంతకాలం ఇంగ్లిషులో నాకు అర్థమైందనుకున్నది భ్రమే. ఇంగ్లిషులో చదివి ఇంగ్లిషులోనే నోట్సు రాస్తే, అర్థం కాకపోయినా ఆ మాటలనే తిప్పి రాసేస్తాం, మనకే తెలియదు. తెలుగులోకి తెచ్చేటప్పుడు ఆ ఆటలు సాగవు.

ఇప్పుడు జవాబు చూడండి. 37వ పేరాలో కోర్టు, రచన అంటే రచయిత సొంత మేధో సృష్టి అయి ఉండాలంటుంది. 45వ పేరాలో, విడి మాటలు ఎవరి సొత్తూ కాదు, వాటిని ఎంచుకోవడంలో, వరుసలో పెట్టడంలో, కలపడంలోనే రచయిత సృజన కనిపిస్తుందంటుంది. కాబట్టి ఆ 11 మాటల్లో అలాంటి సృజన ఉంటే అది కొంత భాగాన్ని కాపీ చేసినట్టే. ఉందో లేదో డెన్మార్క్ కోర్టు చూసుకోవాలి. ఇక ప్రింట్ తీసిన కాగితం దానంతట అది మాయమయ్యేది కాదు కాబట్టి తాత్కాలిక కాపీలకు ఇచ్చే మినహాయింపు దానికి వర్తించదు.

నోటుబుక్కులో ఒక్కో తీర్పుకు ఒక్క పేజీ మించనివ్వకండి. పైన తెలుగులో ప్రశ్న, కింద నాలుగు వాక్యాల్లో కథ, దాని కింద జవాబు, పక్కన పేరా నంబర్లు. చివర ఒక గీత గీసి "కోర్టు దేన్ని చెప్పకుండా వదిలేసింది" అని రాసుకోండి. ఆ చివరి వరుస నుంచే సెమినార్ పేపర్లు పుడతాయి. తీర్పు మరీ పొడిగా ఉండి కారణం అందకపోతే అడ్వొకేట్ జనరల్ అభిప్రాయం చదవండి (మన రాష్ట్రాల్లోలా ప్రభుత్వ లాయరు కాదు, తీర్పుకు ముందు కోర్టుకు సలహా ఇచ్చే ఆ కోర్టు సభ్యుడు). ఆయన మాటకు కోర్టు కట్టుబడనక్కర్లేదు కానీ, కోర్టు ఒక్క వాక్యంలో దాటేసిన చోట ఆయన పది పేరాలు విడమరిచి చెబుతారు. తీర్పు తర్వాతే చదవండి. ముందు చదివితే ఆయన వాదనే కోర్టు వాదన అనుకునే ప్రమాదం ఉంది.

తీర్పులను జతలుగా చదవడం కూడా అలవాటు చేసుకోండి. 2018 నవంబర్ 13న, మా క్లాసులు మొదలైన నెలరోజులకు, లెవోలా తీర్పు వచ్చింది. నెదర్లాండ్స్‌లో ఒక చీజ్ రుచికి కాపీరైట్ ఉందా అన్నది ప్రశ్న. లేదంది కోర్టు. రుచి తినేవాళ్ల వయసును బట్టి, ఇష్టాయిష్టాలను బట్టి, తినే చోటును బట్టి మారుతుంది, దాన్ని కచ్చితంగా, అందరికీ ఒకేలా గుర్తించే మార్గం ఇప్పటికి లేదు కాబట్టి అది రచన కాదు. మా నాయనమ్మ ఆవకాయ జాడీ ఒక్కటే, మా ఇంట్లో దాని మీద అయిదు అభిప్రాయాలు. ఆ 42వ పేరా నాకు ఎవరూ వివరించనక్కర్లేకపోయింది. దాని పక్కన 2002 నాటి సీక్‌మన్ కేసు పెట్టి చదవండి. అది మ్యూనిక్‌లోని పేటెంట్ కోర్టు పంపిన ప్రశ్నే. దాల్చినచెక్క ఛాయలున్న ఒక వాసనను ట్రేడ్‌మార్కుగా రిజిస్టర్ చేయమన్నారు. రసాయన ఫార్ములా ఇచ్చారు, మాటల్లో వర్ణించారు, సీసాలో నమూనా ఇస్తామన్నారు. ఏదీ చాలదంది కోర్టు. ఒకటి కాపీరైట్, ఒకటి ట్రేడ్‌మార్క్, మధ్యలో పదహారేళ్లు. అడుగుతున్నది మాత్రం ఒకటే: నీ హక్కు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఎదుటివాడికి ఎలా తెలుస్తుంది? ఇలా రెండు తీర్పులు పక్కపక్కన పెట్టిన రోజు నుంచి సబ్జెక్టు మీద పట్టు దొరికింది.

ఇడ్లీ ప్లేటు

పేటెంట్ల క్లాసులో ఇంజనీర్ల మధ్య లాయర్లకు టెన్షన్ పుట్టేది ఆవిష్కరణ స్థాయి దగ్గర. పేటెంట్ కన్వెన్షన్ 56వ ఆర్టికల్ ప్రకారం, ఆ రంగం తెలిసినవాడికి ఇట్టే తట్టేదైతే పేటెంట్ రాదు. ఇట్టే తట్టేదో కాదో తేల్చడానికి యూరోపియన్ ఆఫీసుకు ఒక పద్ధతి ఉంది, సమస్య-పరిష్కారం పద్ధతి అంటారు. నాకది ఇడ్లీ ప్లేటుతో అర్థమైంది కాబట్టి అలాగే చెప్తాను.

గుంటల్లో చిల్లులున్న ఇడ్లీ ప్లేటు కొత్తగా కనిపెట్టారనుకోండి. దానికి బాగా దగ్గరగా ఉన్న పాతదేది? చిల్లుల్లేని ప్లేటు. తేడా ఏమిటి? చిల్లులు. వాటివల్ల జరిగేదేమిటి? ఆవిరి కింది నుంచీ తగిలి ఇడ్లీ మధ్యలో కూడా ఉడుకుతుంది. అయితే సమస్య ఏమిటి? ఇక్కడే అందరం జారిపడతాం. "ప్లేటుకు చిల్లులు ఎలా పెట్టాలి" అని రాస్తే సున్నా, ఎందుకంటే సమస్యలోనే పరిష్కారం దూరిపోయింది. "ఇడ్లీ అంతటా సమంగా ఉడకడం ఎలా" అని రాయాలి. ఇప్పుడు వెదురు సందుల్లోంచి ఆవిరి పైకొచ్చే బుట్ట గురించి చెప్పే ఇంకో పాత కాగితం దొరికిందనుకుందాం. ప్లేట్లు చేసేవాడు ఆ రెండూ కలిపి చిల్లులు పెట్టగలడా? పెట్టగలడు. కానీ ఆఫీసు అడిగేది అది కాదు. ఆ సమస్య ఎదురైతే, ఆ కాగితం చూసి, అతను చిల్లులు పెట్టి ఉండేవాడా? "చేయగలడా", "చేసి ఉండేవాడా", ఈ రెండింటి మధ్యే కోట్ల రూపాయల పేటెంట్లు నిలబడతాయి, పడిపోతాయి. మీ వంటింట్లో ఉన్న ఏ వస్తువుతోనైనా వారానికొకటి ఇలా రాసి చూడండి. నేను ప్రెషర్ కుక్కర్ విజిల్, పూరీ ప్రెస్, కుంపటి కూడా రాశాను. ఇంజనీరింగ్ చదివిన క్లాస్‌మేట్‌కు చూపించండి, ఎక్కడ ముందే జవాబు దాచిపెట్టారో వాళ్లు టక్కున పట్టేస్తారు.

అవకాశముంటే ఒక్క విచారణైనా కళ్లారా చూడండి. పేటెంట్ ఆఫీసు అప్పీల్ బోర్డుల విచారణలు మామూలుగా అందరూ చూడవచ్చు. నేను చదివేటప్పుడు ఆ బోర్డులు మ్యూనిక్ శివార్లలోని హార్‌లో ఉండేవి, ఎస్-బాన్ అనే లోకల్ రైల్లో వెళ్లాను. నేను వెళ్లిన రోజు ముందు ముగ్గురు సభ్యులు, చెరోపక్కా అటార్నీలు, వెనక కుర్చీల్లో నేనొక్కదాన్నే. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఒక్క మాట మీద నడిచింది. క్లెయిమ్‌లో, అంటే పేటెంట్ హక్కు దేనికి కావాలో చెప్పే వాక్యంలో, "దాదాపుగా" అని ఉంది, మొదట వేసిన దరఖాస్తులో ఆ మాట లేదు. దరఖాస్తులో లేనిది తర్వాత చేర్చకూడదని 123వ ఆర్టికల్ రెండో క్లాజు చెబుతుంది. సభ్యులు లోపలికెళ్లి గంటకు తిరిగొచ్చి నిర్ణయం చెప్పేశారు. ఆ క్లాజును నేను అప్పటికి పదిసార్లు చదివాను, కానీ చేతికి తగిలింది ఆ గదిలోనే.

వేప కేసు ఫైలు కూడా చదవండి. మనవాళ్లలో చాలామందికి అది అమెరికా కేసనే గుర్తు, అది మ్యూనిక్ కేసు. వేపనూనెతో మొక్కల బూజును అదుపుచేసే పద్ధతికి 1994లో అమెరికా వ్యవసాయ శాఖకూ, డబ్ల్యూ.ఆర్.గ్రేస్ కంపెనీకీ యూరోపియన్ పేటెంట్ ఇచ్చారు. మంజూరైన తొమ్మిది నెలల్లోగా ఎవరైనా అభ్యంతరం వేయవచ్చు. వందనా శివ, యూరోపియన్ పార్లమెంటులోని గ్రీన్స్, సేంద్రియ వ్యవసాయ సంఘాల సమాఖ్య కలిసి వేశారు. 2000 మే 10న పేటెంట్ రద్దయింది, 2005 మార్చి 8న అప్పీలు కొట్టేశారు. టీ 416/01 అనే నంబరుతో (ఈ టీ లక్సెంబర్గ్ జనరల్ కోర్టుది కాదు) ఆ నిర్ణయం అప్పీల్ బోర్డుల సైటులో దొరుకుతుంది. చదివేటప్పుడు ఒకటి గమనించండి: "వేప మాది" అన్నందుకు అక్కడ పేటెంట్ పోలేదు. కొత్తదనం, ఆవిష్కరణ స్థాయి అనే గీటురాళ్ల మీద, సాక్ష్యంతో వాదించారు. మన సంప్రదాయ జ్ఞానాన్ని నిజంగా కాపాడాలనుకునేవాళ్లు నేర్చుకోవలసింది ఈ పని. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు, ఎలా వాడారో కాగితం మీద చూపించగలగాలి.

పరీక్ష

నా మొదటి పరీక్షలో ప్రశ్న ఇది. ఒక వ్యాపారి పోటీ కంపెనీ ట్రేడ్‌మార్కును సెర్చ్ ఇంజన్‌లో కీవర్డుగా కొని తన ప్రకటన వేయించుకున్నాడు. మార్కు యజమాని ఆపగలడా? నేను 1883 పారిస్ ఒప్పందం దగ్గర మొదలుపెట్టాను. ప్రపంచ వాణిజ్య సంస్థ మేధో సంపత్తి ఒప్పందం ట్రిప్స్ చెప్పాను, ట్రేడ్‌మార్కు లక్షణాలన్నీ చెప్పాను, మూడు పేజీలు నిండాక అర పేజీలో వ్యాపారి సంగతి రాశాను. పేపరు తిరిగొచ్చినప్పుడు పెన్సిల్‌తో రెండు వాక్యాలున్నాయి: "మీరు రాసినవన్నీ నిజమే. నేను అడిగింది ఇవి కాదు."

అక్కడ కావలసింది ఇలా ఉంటుంది. మార్కు ఎక్కడ రిజిస్టరైంది, యూనియన్ మార్కా, దేశపు మార్కా? అదే మార్కు, అవే వస్తువులు కాబట్టి ఏ క్లాజు వర్తిస్తుంది? 2010 గూగుల్ ఫ్రాన్స్ తీర్పు ప్రకారం, ఓ మోస్తరు శ్రద్ధగా చూసే వినియోగదారుడికి ఆ ప్రకటన చూడగానే సరుకు ఎవరిదో తేలిగ్గా తెలుస్తుందా, లేదా? ప్రశ్నలో ఇచ్చిన ప్రకటనలో ఏ మాటలున్నాయి? వాటిని బట్టి నా నిర్ణయం ఇది. అంతే, పేజీన్నర. ఇచ్చిన కథలోని ప్రతి వివరం ఏదో ఒక చోట వాడాలి. ప్రకటనలో అమ్మేవాడి పేరు ఉందని ఇచ్చారంటే ఊరికే ఇవ్వలేదు. పుస్తకాలు తెచ్చుకోనిచ్చే పరీక్షలే ఎక్కువ కాబట్టి జ్ఞాపకశక్తికి మార్కులు లేవు. నా అలవాటు మానడానికి నేను చేసింది ఒక్కటే. జవాబు మొదటి వరుసలో ప్రశ్నను నా మాటల్లో తిరిగి రాసి, ప్రతి పేరా అయ్యాక పైకి చూసేదాన్ని. ఆ పేరా ఆ వరుసకు ఏమీ చేయకపోతే కొట్టేసేదాన్ని.

థీసిస్

థీసిస్ విషయం మీ ఇంట్లోంచి వస్తే మంచిది. మాది చీరాల దగ్గర జాండ్రపేట. బాబాయ్ కుప్పడం చీరలు నేస్తారు. ఆయన వేసిన అంచు పదిహేను రోజుల్లో మర మగ్గం మీద సగం ధరకు బజార్లోకి వచ్చేసేది. యూనియన్‌లో రిజిస్టర్ చేయని డిజైన్‌కు కూడా మూడేళ్ల రక్షణ ఉందని క్లాసులో విన్న రాత్రి ఆయనకు ఫోన్ చేశాను.

"రిజిస్టర్ చేయకపోయినా హక్కుంటుందా అమ్మా?" అన్నారు.

"ఉంటుంది బాబాయ్, కాపీ కొట్టారని చూపించాలి."

"మరి నేను ఇక్కడ చీరాల బజార్లో మొదట చూపిస్తే అక్కడ పనికొస్తుందా?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. వారం వెతికాను. యూనియన్ డిజైన్ల 6/2002 రెగ్యులేషన్‌లో 11వ ఆర్టికల్ అందరూ చదువుతారు. జవాబు మాత్రం చట్టం చివర్లో, 2004లో కొత్త దేశాలు చేరినప్పుడు ఇరికించిన 110ఏ ఆర్టికల్ అయిదో క్లాజులో ఉంది. నేను చదివినప్పటి ఆ చట్టం ప్రకారం యూనియన్ లోపల వెల్లడించని డిజైన్‌కు ఆ రక్షణ లేదు. దాని మీదే నా థీసిస్. యాభై దేశాల చేనేత గురించి రాస్తానని మొదట ఇచ్చిన ప్రతిపాదనను గైడ్ వెనక్కి పంపారు, బాబాయ్ అడిగిన ఒక్క ప్రశ్నను మాత్రం వెంటనే ఒప్పుకున్నారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఆ రెగ్యులేషన్‌ను 2024లో సవరించారు, సవరణల్లో చాలావరకు 2025 మే 1 నుంచి అమల్లోకి వచ్చాయి. నా థీసిస్ చూసో, 2019 నాటి పుస్తకం చూసో రాయకండి. యూనియన్ చట్టాల సైటు యూర్-లెక్స్‌లో చట్టం నంబరు కొట్టి, సవరణలన్నీ కలిపిన ఏకీకృత ప్రతి తెరిచి, పైన ఉన్న తేదీ చూసి, ఆ తేదీని మీ ఫుట్‌నోట్‌లో వేయండి. చేతివృత్తుల వస్తువులకు భౌగోళిక గుర్తింపు ఇచ్చే 2023/2411 రెగ్యులేషన్ కూడా 2025 డిసెంబర్ 1 నుంచి అమలవుతోంది. ఇప్పుడు వెళ్తున్న చేనేత ఇళ్ల పిల్లలెవరైనా దాన్ని మొదటి ఆర్టికల్ నుంచి చివరి ఆర్టికల్ దాకా చదవండి. బాబాయ్ ఇప్పుడు కొత్త అంచు వేసిన ప్రతిసారీ తేదీ, నమూనా గుడ్డముక్క, మొదట ఎవరికి చూపించారో వాళ్ల పేరు ఒక లెక్కల పుస్తకంలో రాసి సంతకం పెడుతున్నారు. పోయినసారి వెళ్లినప్పుడు చూశాను, 41వ పేజీలో ఉన్నారు.